వేలంపాట బాకీ

పోయిన వారం మనం రూతును దేవరాజులు ఇంటి పెరట్లో వదిలిపెట్టి వచ్చాం. గాజులవంకకు సర్పంచ్ అయి నాలుగేళ్లయినా ఆమె ఆ ఇంటికి పెరటి దారినే వెళ్తుంది. ఎవరూ వెళ్లమనలేదు, ఎవరూ వద్దనలేదు, అదొక అలవాటు. బిల్లుల మీద సంతకం కోసం సర్కారు ఆమెకిచ్చిన డిజిటల్ తాళం, పెన్‌డ్రైవ్ లాంటి వేలెడంత వస్తువు, ఇన్నాళ్లూ ఆ ఇంటి పూజగదిలోనే ఉండేది. ఆయుధపూజకు దానికి పసుపు రాసి బొట్టు కూడా పెట్టారు. దాన్ని కంప్యూటర్‌కు తగిలించి బిల్లులు పాస్ చేసే పని మాత్రం ఉపసర్పంచ్ దేవరాజులుది. ఆయన ఊళ్లో లేని పూట చూసుకుని రూతు వెళ్లి అడిగితే, ఆయన భార్య చంద్రకాంతమ్మ ఒక్క ప్రశ్న వేయకుండా ఆ తాళం తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. ఎందుకు పెట్టిందో రూతుకు అర్థం కాలేదు. నేనూ మీకు ఇంకా చెప్పలేదు.

రూతు ఎందుకు అడిగిందో మాత్రం ఊరందరికీ తెలుసు. ఎస్సీ కాలనీకి తాగునీటి పైపులైను వేసినట్టు ఒక బిల్లు తయారైంది. ఇంజనీరు కొలతలు రాసేశాడు. ఇంకెక్కడో తవ్విన గొయ్యి దగ్గర ఫొటోలు దిగారు. కాగితాల్లో పైపు చక్కగా కాళ్లు చాపుకుని పడుకుంది, నేల మీద మాత్రం జానెడు మట్టి కూడా లేవలేదు. కాలనీ బోరు ఎండిపోయి రెండు వేసవులైంది. అప్పటి నుంచి కాలనీ ఆడవాళ్లు దేవరాజులు మామిడితోట మోటారు దగ్గర, ఆయన దయ ఉన్నంతసేపు, బిందెలు నింపుకుంటున్నారు. ఈ బిల్లు పాసైందంటే పైపు డబ్బు పోయినట్టే. వేసేశామని రాసిన పైపును సర్కారు మళ్లీ వేయదు. రేపు వీళ్ల పిల్లలూ, ఆ పిల్లల పిల్లలూ ఆ తోట గట్టు మీదే బిందెలతో నిలబడాలి. రూతు భయం అదొక్కటే.

అంబేద్కర్ జయంతి నాడు గ్రామసభ పెట్టడం ఆనవాయితీ. పొద్దున కాలనీలో విగ్రహానికి దండ వేసి, అందరూ సచివాలయం ముందు షామియానా కిందికి చేరారు. మామూలుగా ఈ సభకు నలుగురొస్తే గొప్ప. మిగతా సంతకాలు ఇంటింటికీ తిరిగి పెట్టించుకుంటారు. ఆ రోజు కుర్చీలు చాలలేదు. తాళం చేతులు మారిన సంగతి అప్పటికే ఊరంతా పాకిపోయింది. పాలకేంద్రం నడిపే మునికృష్ణ క్యాన్లు కడగడం కూడా మానేసి వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. తగాదా చూడటమంటే మనవాళ్లకు అంత సరదా.

దేవరాజులు అందరికంటే ఆలస్యంగా వచ్చాడు. అరవై దాటిన మనిషి, ఇస్త్రీ పంచె, భుజం మీద తువ్వాలు. ముఖంలో కోపం జాడ లేదు. కోపంగా వస్తాడని రూతు పొద్దుటి నుంచి మాటలు కూడగట్టుకుంది, ఆ ముఖం చూసేసరికి వాటిలో సగం మర్చిపోయింది. ఆయన నేరుగా ఆమె కుర్చీ దగ్గరికే వచ్చాడు.

“బాగుండావా రూతూ? కోమలి ఎట్ల చదువుతా ఉండాది?”

కోమలి ఆమె కూతురు. తిరుపతిలో నర్సింగ్ చదువుతోంది.

“బాగా చదువుతా ఉండాదయ్యా,” అంది రూతు. అలా అంటూనే తన మీద తనకే చిరాకేసింది. కుర్చీలోంచి సగం లేచి నిలబడింది కూడా. పదవి నాలుగేళ్లది, ఆ లేవడం పుట్టినప్పటిది.

పంచాయతీ కార్యదర్శి ప్రశాంతి అంశాలు చదవడం మొదలుపెట్టింది. చంద్రగిరి పిల్ల, కిందటేడే ఈ ఊరికి బదిలీ మీద వచ్చింది. వీధి దీపాలు అయ్యాయి, చెత్త రిక్షా అయింది. పైపులైను దగ్గరికొచ్చేసరికి ఆమె గొంతు తగ్గింది.

“కాలనీ తాగునీటి పైపులైను పనికి బిల్లు చెల్లింపు. సభ ఆమోదం కోసం.”

రూతు లేచింది. “నేను ఒప్పుకోను. పైపు ఏయలేదు. ఏసినాక బిల్లు.”

అంతే. పొద్దుటి నుంచి కూడగట్టుకున్న దాంట్లో మిగిలింది ఆ మూడు ముక్కలే. కాలనీ ఆడవాళ్లు కూర్చున్న వైపు నుంచి చిన్న కలకలం లేచింది. దేవరాజులు నిదానంగా లేచాడు.

“ప్రశాంతమ్మా, ఆ చదివేది కాసేపు పక్కన పెట్టు,” అని ఊరి వైపు తిరిగాడు. “నాలుగేళ్ల కింద, ఎలక్షన్‌కి ముందర, ఈ ఊళ్లో పాట జరిగిందా ల్యా?”

ఎవరూ పలకలేదు. పలకరు. అందరికీ తెలిసిన సంగతిని అందరి ముందూ అడిగితే ఎవరు పలుకుతారు?

పాట జరిగింది. పోటీలు పడి ఊరు రెండుగా చీలడం ఎందుకని, సర్పంచ్ పదవిని వేలం వేశారు. ఊరికి ఎవరు ఎక్కువ మేలు చేస్తానంటే వాళ్లకు పదవి, మిగతావాళ్లెవరూ నామినేషన్ వేయకూడదు. ఆ ఏడు పదవి ఎస్సీ మహిళకు రిజర్వైంది. అయినా పాట పాడింది పెద్దిళ్లవాళ్లే. గెలిచినవాళ్లు తమకు నచ్చిన కాలనీ ఆడమనిషిని కుర్చీలో కూర్చోబెట్టుకోవచ్చని ఏర్పాటు. దేవరాజులు గంగమ్మకు రాతిగుడి కట్టిస్తానని పాడాడు, ఎదుటివాడు తప్పుకున్నాడు. “డబ్బు చేతికియ్యను, పని చేసి చూపిస్తా” అని కూడా అన్నాడు. ఊరు సంతోషంగా చప్పట్లు కొట్టింది. పెద్దమనుషుల చేతిలో డబ్బు పెడితే తినేస్తారని ఊరి భయం. ఆ భయంతోనే మొత్తం తెచ్చి ఒక్క మనిషి చేతిలో పెట్టారు. ఇది మన ఊళ్లవాళ్లు మాత్రమే చేయగల తెలివైన పని. మహిళా సంఘంలో నెమ్మదస్తురాలని పేరున్న రూతును ఎంచింది కూడా ఆయనే.

“జరిగింది,” అన్నాడు మునికృష్ణ చివరికి.

“గుడి లేచిందా ల్యా?”

“లేచింది. రోజూ సూస్తానే ఉండాం గదా.”

“మరి దానికి పెట్టింది నాకు యాడ్నించి రావాల? మామిడికాయ ఫ్యాక్టరీవాళ్లు అడిగిన రేటుకి ఇచ్చి ఏడ్చేవోణ్ణి, నేనేమన్నా కుబేరుణ్ణా? పంచాయతీలో వచ్చేదాంట్లో కొంచెం కొంచెం ఎనక్కి తీసుకుంటా ఉండానని మీకెవురికీ తెలీదా? తెలుసు. తెలిసే గమ్మునుండారు. గుడి మీది గాబట్టి. ఇదిగో, ఇదే ఆఖరి బిల్లు. దీంతో నా బాకీ తీరిపోతాది.”

దాచకుండా చెప్పాడు. దాచకుండా చెప్పే తప్పుకు జవాబు చెప్పడం మహా కష్టం. ముందు వరసల్లో చాలామంది తలలు దించుకున్నారు. ఆయన చెప్పింది నిజమే. వీధి దీపాలు వెలగనప్పుడూ, కాలవలు తీయనప్పుడూ ఊరు సణుక్కుంది గానీ గుడి వైపు చూసి ఊరుకుంది. ఆయన దొంగయితే ఊరంతా దొంగసొత్తు ముందు దణ్ణం పెట్టుకుంటున్నట్టే.

“గుడి ఊరికి కట్టినావు,” అంది రూతు. “దానికి మా నీళ్లు ఎందుకు పోవాల? పాటలో మేము యాడ ఉండాం?”

దేవరాజులు ఆమె వైపు జాలిగా చూశాడు. ఆ చూపును రూతు చాలా కాలం మర్చిపోలేదు.

“మీరు ల్యా? మీ ప్రార్థన మందిరానికి స్లాబు ఎవురు పోయించినారు రూతూ?”

“పాస్టరయ్య తిరుపతిలో చందాలు ఎత్తుకొచ్చినాడు.”

“అని ఎవురు చెప్పినారు నీకు?”

చెప్పింది ఆమె భర్త జయరావు. ఆయన మేస్త్రీ. ఆ స్లాబు పోసింది ఆయనే. రేకుల కింద చెమటలు కక్కుతూ ప్రార్థన చేసుకునే మందిరానికి తన చేత్తో స్లాబు పోసిన రోజు, ఆయన ఇంటికి వచ్చి భోజనం కూడా చేయకుండా మళ్లీ వెళ్లి దాన్ని చూసుకుంటూ నిలబడ్డాడు. రూతు తల తిప్పి చూసింది. జయరావు షామియానా గుంజకు ఆనుకుని కాళ్ల వేళ్ల వైపు చూసుకుంటున్నాడు. ఆమెకు ఇంకెవరూ చెప్పనక్కర్లేకపోయింది.

“గుడి ఊరికి, స్లాబు కాలనీకి. పాటలో మాట అది,” అన్నాడు దేవరాజులు. “కాలనీలో ఇంకెవురూ నామినేషన్ ఏయకుండా ఉండేదానికి. మీ ఆయన, మీ పాస్టరు, ఇంకా నలుగురు మా తోటలో కూసోని ఒప్పుకొని పోయినారు. నువ్వు దాని కిందనే మోకాళ్లేసి ప్రార్థన చేస్తా ఉండావు గదమ్మా ఇన్నేండ్లుగా.”

వెనక ఎవరో నవ్వారు. రూతుకు సిగ్గుతో ఒళ్లంతా కాలిపోయింది. ప్రతి ఆదివారం ఆమె ఆ స్లాబు కింద కూర్చుని, ఈ పదవిలో నా చేతులకు మచ్చ అంటకుండా చూడు ప్రభువా అని అడిగేది. అడిగిన చోటే మచ్చ ఉంది. ఇక ఏ ముఖంతో బిల్లు ఆపుతుంది?

దేవరాజులుకు అక్కడితో ఆగిపోతే సరిపోయేది. గెలిచినవాడికి ఇంకొక్క మాట ఎక్కువ అనాలనిపిస్తుంది.

“నేను చెప్పేది అబద్ధమనుకుంటే కాణిపాకం పోదాం రాండి. వినాయకుడి ముందర ప్రమాణం చేస్తా. గుడి కట్టినా, స్లాబు పోయించినా అని.”

మన జిల్లాలో కాణిపాకం మాట వచ్చిందంటే ఆ తగాదా అక్కడితో ముగిసినట్టే. కోర్టులో అలవోకగా బొంకేవాళ్లు కూడా ఆ కోనేట్లో మునిగి తడిబట్టలతో స్వామి ముందు నిలబడాలంటే పదిసార్లు ఆలోచిస్తారు. అక్కడ అబద్ధమాడినవాడు బాగుపడడని చిన్నపిల్లలకు కూడా నమ్మకం.

రూతు అలసిపోయింది. ఉన్నమాట చెప్తున్నాను, ఆ క్షణంలో ఆమె ఓడిపోయింది, ఓడిపోయానని ఒప్పుకోవడానికి కొంచెం మర్యాదైన దారి వెతుక్కుంటోంది.

“కట్టినావని ఎవురు కాదన్నారన్నా,” అంది. పుట్టి బుద్ధెరిగాక ఆయన్ని ‘అన్నా’ అనడం అదే మొదలు. “నేను నమ్మే దేవుడు వేరే. నువ్వు నమ్మేది ఆ వినాయకుణ్ణే గదా. ఆయన ముందర ఒక్క మాట చెప్పు చాలు. గుడికీ స్లాబుకీ పెట్టిందంతా నా సొంత డబ్బు అని. నువ్వు ఆ మాట అన్న తావునే నేను ఈ బిల్లుకి సంతకం పెడతా. ఇంతమంది ముందర మాటిస్తా ఉండా.”

ప్రశాంతి చేతిలోని పెన్ను బల్ల మీద పెట్టేసింది. కాలనీ ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అయిపోయింది అనుకున్నారందరూ.

“అంతే గదబ్బా,” అన్నాడు మునికృష్ణ తేలిగ్గా. “శుక్రవారం పోయి చెప్పేసి వస్తే సరిపాయ.”

దేవరాజులు భుజం మీది తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. తుడుచుకున్న ముఖాన్నే మళ్లీ తుడుచుకున్నాడు.

“దేవుడి కాడ డబ్బు మాట ఎత్తకూడదు,” అన్నాడు.

“ప్రమాణం అనింది నువ్వే గదన్నా,” అంది రూతు. ఆమె గొంతులో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే అర్థంకాక అడిగింది.

“కట్టినానని చేస్తానంటా ఉండా గదా!”

“సొంత డబ్బని కూడా చెప్పేస్తే ఏం పోతాదప్పా?” అన్నాడు మునికృష్ణ. ఆ పాలకేంద్రం మనిషికి పాపం కుట్రలు తెలీవు. తేలికైన పనికి ఇంత ఆలోచన ఎందుకని ఆయన సందేహం.

“నా మాట చాలదా మీకు? ఈ వయసులో నన్ను ఆడికి ఈడ్చి తడిబట్టలతో నిలబెడతారా?”

దేవరాజులు గొంతు పెంచడం ఊరు వినడం అరుదు. అన్నాక ఆయనకే అది ఎక్కువైనట్టు తోచింది కాబోలు, గబగబా షామియానా దాటి వెళ్లిపోయాడు. పంచె తగిలి కుర్చీ వెల్లకిలా పడింది. ఎవరూ దాన్ని లేపలేదు. ఆడవాళ్ల వరసలో చివర కూర్చున్న చంద్రకాంతమ్మ తల మీదికి కొంగు లాక్కుని నేల చూస్తూ ఉండిపోయింది. ప్రశాంతి ఆ అంశం పక్కన ‘వాయిదా’ అని రాసుకుంది.

ఊరంతా చూసింది. కానీ ఏం చూసిందో ఎవరికీ సరిగ్గా అర్థం కాలేదు. ఇల్లు చేరేదాకా రూతుకూ కాలేదు.

ఇంటి వసారాలో జయరావు ఆమె కంటే ముందే వచ్చి కూర్చుని ఉన్నాడు. రూతు ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

“స్లాబుకి సిమెంటు యాడ్నించి వచ్చింది?”

“ట్రాక్టర్లో వచ్చింది.”

“ట్రాక్టరు సంగతి కాదయ్యా నేనడిగేది. ఆయన ఎందుకు ప్రమాణం చేయలే? ఎవురి డబ్బు అది?”

జయరావు గోడకున్న పెచ్చును గోటితో గీకుతూ కూర్చున్నాడు.

“బడి గోడది,” అన్నాడు.

ఊరి బడి రోడ్డు పక్కనే ఉంది. దానికి ప్రహరీ గోడ కట్టినట్టు కాగితాల్లో ఉంది. పిల్లలు రోడ్డు మీదికి పరిగెత్తకుండా ఈనాటికీ అక్కడ ఉన్నది ముళ్లకంప.

“పంచాయతీకి వచ్చిన మొదటి బిల్లు అది. డిజిటల్ తాళం అప్పటికి ఇంకా రాలే, కాగితం మీదే సంతకం. ఆ సిమెంటు, ఆ కమ్మీ తెచ్చి మన మందిరం కాడ దించినారు. మిగిలింది గుడి పునాదికి పోయింది. పునాది పైన లేచిందంతా ఆ తర్వాత వచ్చిన బిల్లులే. రెండు చోట్లా పని చేసింది నేనే గదా, నాకు తెలీదా? ఆయన జోబీలోంచి నాకు కూలి కూడా రాలే. అది గూడా పంచాయతీదే.”

రూతు ఆ మాటను మెల్లగా మనసులో కూర్చుకుంది. పాటలో పాడిన డబ్బు దేవరాజులు ఏనాడూ పెట్టలేదు. ఊరి డబ్బుతోనే ఊరికి గుడి కట్టి, ఆ గుడికి తను పెట్టానని చెప్పి, నాలుగేళ్లుగా ఊరి దగ్గరే వసూలు చేస్తున్నాడు. బాకీ అన్నదే లేదు. లేని బాకీకి కాలనీ నీళ్లు కట్టబోయింది తను.

“నాలుగేండ్లు,” అంది. “నాలుగేండ్లు పక్కన పండుకొని ఒక్క మాట చెప్పలే నువ్వు.”

“చెప్తే ఏం చేసేదానివి? ఆ బిల్లు కింద ఉండేది నీ పేరు. దొరికితే మొదట నిన్నే పట్టుకుంటారు.”

పదవికి వచ్చిన కొత్తలో రూతు ముందు ఎన్నో కాగితాలు పెట్టారు. వేలు చూపించిన చోటల్లా సంతకం పెట్టింది. బడి గోడది ఎప్పుడు పెట్టిందో ఆమెకు గుర్తుకు రాలేదు. మొగుణ్ణి తిట్టాలనుకుంది. తిట్లన్నీ తిరిగి తన వైపే వచ్చాయి.

పొద్దు వాలే వేళకు రోజూ తోట మోటారు మోగాలి. ఆ రోజు మోగలేదు. తోటకు వెళ్లిన ఆడవాళ్లు ఖాళీ బిందెలతో తిరిగొచ్చి, దేవరాజులు ఇంటికి కాకుండా రూతు ఇంటి ముందుకే వచ్చి నిలబడ్డారు. అందులో ఆమె అత్త సుబ్బులమ్మ కూడా ఉంది. కోపం వస్తే మనుషులు దగ్గరివాళ్ల మీదికే వస్తారు, దూరపువాళ్ల గడప ఎక్కాలంటే ధైర్యం కావాలి కదా.

వాళ్లు నోరు తెరిచేలోగా వీధి మొదట్లో చంద్రకాంతమ్మ కనిపించింది. ఒంటరిగా నడిచి వస్తోంది. నలభై ఏళ్ల కింద ఈ ఊరికి కోడలుగా వచ్చిన మనిషి కాలనీలో అడుగుపెట్టడం అదే మొదటిసారి. ఆడవాళ్లు దారిచ్చారు. రూతు కుర్చీ తెచ్చేలోపే ఆమె గడప ముందు మెట్టు మీద కూర్చుండిపోయింది.

“మా ఆయన ఒప్పుకున్నాడమ్మే,” అంది. “శుక్రవారం కాణిపాకం పోతాం. నువ్వడిగిన మాటే చెప్తాడంట.”

రూతు జయరావు వైపు చూసింది. ఆయన ముఖంలో నెత్తురు లేదు. దేవరాజులు ఆ మాట చెప్పేస్తే రూతు సంతకం పెట్టాలి. ఊరంతటి ముందూ మాటిచ్చింది.

“మధ్యాన్నం నుంచి అన్నం ముట్టలే ఆయన,” అంది చంద్రకాంతమ్మ. “ఊళ్లో మల్ల తలెత్తుకోవాలంటే చెప్పక తప్పదంటా ఉండాడు. నాకు తెలుసు రూతూ, అది అబద్ధమని. ఇంట్లో డబ్బు పోయుంటే నాకు తెలీకుండా పోతాదా? ఇంగ చాలు, ఈ పాపం ఈడితో ఆగనీ అనుకునే ఆ పొద్దు నీకు తాళం తెచ్చిచ్చినా. ఇంతదూరం వస్తాదనుకోలే.” ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంది. “మా మేనమామ ఒకాయన గట్టు తగాదాలో ఆడ అబద్ధం చెప్పినాడు. ఏడాది తిరక్కముందే ఇల్లు ఇల్లంతా పోయింది. నేను సూసినా ఈ కండ్లతో. శుక్రవారం లోపల నువ్వు సంతకం పెట్టేయ్. పెట్టేస్తే ప్రమాణంతో పనే ఉండదు. నాకుండేది ఆయనొక్కడే.”

ఎంత విచిత్రం చూడండి. భర్త చేసిన తప్పును ఆపడానికి తాళం ఇచ్చిన మనిషే, అదే భర్తను కాపాడుకోవడానికి తప్పు చేయమని అడుగుతోంది. ఆమెను తప్పుపట్టడానికి నాకు మనసు రావడం లేదు.

“మరి మా నీళ్లమ్మా?” అంది సుబ్బులమ్మ వెనక నుంచి.

“తోట మోటారు ఇప్పుడే ఏయిస్తా. నేను బతికినంతకాలం దాన్ని ఎవురూ ఆపరు. ఒట్టు.”

ఆ మాట ఆమె మనస్ఫూర్తిగానే అంది. బిందెలు పట్టుకున్నవాళ్లందరూ రూతు వైపు తిరిగారు. సుబ్బులమ్మ ముందుకొచ్చి కోడలి భుజం మీద చెయ్యి వేసింది.

“పెట్టేయ్ మే. పైపు ఎవురు సూసినారు, ఏస్తారో ఏయరో. నీళ్లయితే ఇప్పుడే వస్తాయి గదా.”

ఎవరి కోసం ఇంతా మొదలుపెట్టిందో వాళ్లే వద్దంటున్నారు. అత్త చెయ్యి భుజం మీద బరువుగా ఉంది, రూతు దాన్ని తీసేయలేదు.

“నువ్వు బతికినంతకాలం ఇస్తావమ్మా, నాకు తెలుసు,” అంది చంద్రకాంతమ్మతో. “ఆ తర్వాత మా పిల్లోళ్లు ఎవురి కాళ్లు పట్టుకోవాల? నేను సంతకం పెట్టను. ఆయన్ని అబద్ధం కూడా చెప్పనీను. శుక్రవారం నేనూ వస్తా. ఆయన నోరు తెరిచేకంటే ముందు నేనే చెప్తా. బడి గోడకి సంతకం పెట్టింది నేను, ఆ సిమెంటు మీ గుడికీ మా మందిరానికీ పోయింది, దాంట్లో ఎవురి సొంత డబ్బూ లేదు అని. నిజం బయటికొచ్చినాక ఆయన చెప్పేదానికి ఏముంటాది?”

“నిన్ను లోపలేస్తారు గదమ్మే,” అంది చంద్రకాంతమ్మ.

“ఏస్తే ఏయనీ. నా సంతకానికి నేనే గదా జవాబు చెప్పాల.”

ధైర్యంగా అన్నదనుకోకండి. కోమలికి ఈ ఏడు చివరి పరీక్షలు. తల్లి జైల్లో ఉందంటే ఆ పిల్ల తరగతిలో ఎలా కూర్చుంటుందో అన్న ఆలోచన అప్పటికే వచ్చి ఎదురుగా నిలబడింది. అయినా అనేసింది. సుబ్బులమ్మ చెయ్యి తీసేసింది.

“ఆ సంతకం నీది కాదు మే.”

అన్నది జయరావు. వసారాలో గోడ వైపు తిరిగే ఉన్నాడు. రూతు సరిగ్గా వినలేదనుకుని, మళ్లీ అదే మాట అన్నాడు.

“నాది కాకుంటే ఎవురిది?”

“ఆ బిల్లు పెట్టిన నెల నువ్వు యాడుండావో గుర్తు తెచ్చుకో. కరోనాతో తిరుపతిలో ఆసుపత్రి వరండాలో పండబెట్టినాం నిన్ను. ఆక్సిజన్ లేదు, బెడ్డు లేదు, ఎత్తుకొని పొమ్మన్నారు. నేను దేవరాజులుకి ఫోన్ చేసి ఏడ్చినా. ఆయన అప్పటికప్పుడు కారేసుకొని వచ్చినాడు. చేతిలో ఆ బిల్లు కాగితం ఉండాది.”

చంద్రకాంతమ్మ తల ఎత్తలేదు. ఆడవాళ్లలో ఎవరిదో బిందె చెయ్యి జారి కింద పడింది.

“పెన్ను కూడా ఆయనే ఇచ్చినాడు,” అన్నాడు జయరావు. “నీ పేరు నేను రాసినా. ఆ పొద్దే నీకు బెడ్డు దొరికింది.”